పచ్చ చిగురు కొయ్యని ఆషాఢం

నా బాల్కనీలో ఒక తెల్లంచు నందివర్ధనం ఉంది. ఒకప్పటి శిష్యురాలు మూడేళ్ళ కిందట చూడ్డానికి వచ్చి, పళ్ళకి బదులు ఆ కుండీ చేతిలో పెట్టి వెళ్ళింది. అప్పుడు జానెడు ఎత్తుంది, ఇప్పుడూ జానెడే. ఆకు మధ్యలో కాస్త పచ్చ, చుట్టూ సున్నం గీసినట్టు తెలుపు. వేసవిలో ఆ తెల్లటి అంచు మాడి కరకరలాడుతుంది, వానల్లో నాలుగు ఆకులు వేసి మూడు రాలుస్తుంది. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి దాన్ని చూసినప్పుడల్లా దీనికేం రోగమండీ, ఎదగదు, అని అడుగుతుంది. రోగం లేదని చెబుతాను. ముప్పై ఏళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన నోరు కనుక అక్కడితో ఆగదు. ఆకులో పచ్చగా ఉన్న చోటే వంట జరుగుతుంది, తెల్లగా ఉన్న చోట తినడమే తప్ప వండటం లేదు. పదిమంది ఉన్న ఇంట్లో నలుగురే వండి పదిమందికీ పెట్టాలంటే ఆ ఇంట్లో మిగిలేదేముంటుంది. పైగా ఇది పొట్టి రకం, ఆకే చిన్నది, అందులో సగం తెలుపు. ఎండ ఎక్కువైతే అంచు మాడుతుంది, మరీ నీడైతే తెలుపు మాసిపోతుంది. తాగేది తక్కువ కాబట్టి మామూలు మొక్కకి పోసినన్ని నీళ్ళు పోస్తే వేరు కుళ్ళుతుంది. ఆ అమ్మాయి అంతా ఓపిగ్గా విని, అయితే ఎందుకండీ పెంచటం అని చీపురు తీసుకుని వెళ్ళిపోతుంది. ఈ వయసులో ఆ ప్రశ్నకి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

పోయిన నెల అన్నయ్య ఫోన్ చేశాడు. తిరువూరులో మా పాత నూనె మిల్లు పక్కనున్న గోడౌన్ పడగొట్టిస్తున్నాడట, అక్కడ షాపులు లేస్తాయట. ఆ మాట మామూలుగా చెప్పి, చిన్నత్తయ్యకి ఈమధ్య చూపు బాగా తగ్గింది, వీలుంటే ఒకసారి వచ్చి వెళ్ళు అన్నాడు. గోడౌన్ పడగొడుతున్నారన్న మాట విన్నాక ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. కారణం ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఇంట్లో నేనొక్కదాన్నే. మూడోరోజు పొద్దున్నే బస్సెక్కాను. ఆడవాళ్ళకి ఇప్పుడు టికెట్టు డబ్బులు లేవు కాబట్టి సీటు కోసం జబ్బల్లో బలం కావాలి. నాకు లేదు, మైలవరం దాకా నిలబడే వెళ్ళాను. అక్కడ ఎవరో లేచి చోటిచ్చారు. కిటికీ పక్కన కూర్చుని మామిడితోటలు చూస్తూ, ఈ దారిలో పద్దెనిమిదేళ్ళప్పుడు ట్రంకుపెట్టె ఒళ్ళో పెట్టుకుని హాస్టల్‌కి వెళ్ళిన పిల్లని గుర్తు తెచ్చుకోవాలని చూశాను. సరిగ్గా గుర్తు రాలేదు. మోకాళ్ళ నొప్పే గుర్తొచ్చింది.

బస్సు దిగి ఇంటికి వెళ్ళకుండా ముందు అక్కడికే వెళ్ళాను. మూడు గోడలు అప్పటికే నేలమట్టమయ్యాయి, నాలుగోది సగం ఉంది. నేల తవ్విన చోట నల్లటి మట్టి బయటపడి, అందులోంచి వేరుశెనగ నూనె వాసన వచ్చింది. మిల్లు ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా ఆ మట్టికి వాసన వదల్లేదు. అక్కడే ఒక ఇటుకల గుట్ట మీద కూర్చున్నాను. మేస్త్రీ వచ్చి, అమ్మగారూ దుమ్ము లేస్తుంది అవతలికి జరగండి అంటే జరిగాను.

నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది. మా ఇంటికీ మిల్లుకీ మధ్య ఒకే గోడ. పొద్దున ఆరింటికి మిల్లు మొదలైతే ఇంట్లో గిన్నెలు సన్నగా వణికేవి, రాత్రి అది ఆగాక ఒక్కసారిగా చెవులు గుయ్యిమనేవి. కార్తీకం నుంచి పెనుగొలను వైపు నుంచి కాయల బళ్ళు వచ్చేవి. ఎడ్లు మా వాకిట్లోనే నెమరు వేసేవి. మా బట్టలకి, పుస్తకాలకి, మజ్జిగకి కూడా పచ్చి నూనె వాసనే. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నీ జడ పప్పుచెక్కలా వాసనొస్తుంది అనేది. ఇంట్లో నాయనమ్మ మాటే మాట. ఆవిడ పొద్దున్నే వక్కలు కత్తిరించుకుంటూ అరుగు మీద కూర్చుంటే నాన్నతో సహా అందరూ ఆవిడ ముందు నుంచి ఒంగి వెళ్ళాల్సిందే. మంగళవారం గోళ్ళు తియ్యకూడదు, శుక్రవారం ఇంట్లోంచి ఉప్పు ఇవ్వకూడదు, పొద్దుగూకాక చీపురు పట్టకూడదు, ఆకు కొయ్యకూడదు. ఇవన్నీ ఆవిడ గట్టిగా చెప్పేది కూడా కాదు. ఒకసారి కళ్ళెత్తి చూసేది, అంతే. మధ్యాహ్నం భోజనమయ్యాక మాత్రం ఆవిడ గంటసేపు నిద్రపోయేది. ఆ గంటలో ఇంట్లో అందరం కాస్త ఒళ్ళు వదులు చేసుకునేవాళ్ళం.

చిన్నత్తయ్య నాన్నకి ఆఖరి చెల్లెలు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది, కానీ నేను పదో తరగతికి వచ్చేసరికే ఆవిడ నా భుజం దాకా ఉండేది. చిన్నప్పుడేదో పెద్ద జ్వరం తగిలి ఎదుగుదల ఆగిపోయిందని చెప్పేవారు. నిజమో కాదో తెలియదు. నాలుగైదు సంబంధాలు వచ్చి చూసి వెళ్ళాయి, తర్వాత రావడం మానేశాయి. ఇంట్లో ఆవిడ గురించి ఎవరూ చెడ్డగా మాట్లాడేవారు కాదు, అసలు మాట్లాడేవారే కాదు. కానీ చుట్టాల్లో ఎవరికి కాన్పైనా, కాలు విరిగినా, ఆపరేషనైనా ముందుగా గుర్తొచ్చేది ఆవిడే. చిన్నమ్మాయిని పంపించు అని ఉత్తరం వచ్చేది, ఆవిడ సంచి సర్దుకునేది. విస్సన్నపేటలో మూడు నెలలు, మధిరలో రెండు నెలలు, ఇలా ఏడాదిలో సగం పరాయి వంటిళ్ళలోనే గడిచేది. తిరిగొచ్చాక అక్కడ ఎలా ఉందని ఎవరూ అడిగేవారు కాదు. నేనూ అడగలేదు.

ఆవిడకంటూ ఉన్నవి మొక్కలే. నూనె డబ్బాలని మధ్యకి కోయించి, అడుగున మేకుతో చిల్లులు కొట్టి, లోపలి జిడ్డు పోయేదాకా బూడిదతో, కుంకుడు పిప్పితో తోమి, ఎండబెట్టి అందులో నాటేది. ఆ జిడ్డు ఏ కాస్త మిగిలినా నీళ్ళు దిగవు, వేరు ఊపిరాడక చస్తుంది అనేది. మిల్లు లారీ డ్రైవర్ ఒకసారి రాజమండ్రి వైపు సరుకు దించి వస్తూ కడియం తోటల్లోంచి ఒక పొట్టి తెల్లంచు నందివర్ధనం తెచ్చి ఇచ్చాడు. మా ఊళ్ళో అలాంటిది ఎవరూ చూడలేదు. దూరం నుంచి చూస్తే మొక్క నిండా పూలు పూసినట్టుండేది, దగ్గరికొస్తే అవి ఆకులే. అత్తయ్య దానికోసం ఇంటి చుట్టూ ఎండ ఎటు నుంచి ఎటు తిరుగుతుందో చూసుకుని, తొమ్మిదింటిదాకా ఎండ తగిలే చోట పెట్టి, ఆ తర్వాత పక్కకి జరిపేది. వేలు మట్టిలోకి రెండు కణుపులు దించి చూసి, తడి తగలకపోతేనే చెంబుడు నీళ్ళు పోసేది. అంత చేసినా అది ఏడాదికి బెత్తెడే పెరిగేది. చూసినవాళ్ళందరూ దీనికి ఎదుగుదల లేదమ్మా అనేవారు. ఆ మాట అంటున్నప్పుడు వాళ్ళ చూపు మొక్క మీద ఉండేదా, ఆవిడ మీద ఉండేదా అని నాకు ఇప్పుడు అనుమానం వస్తుంది.

ఆ మొక్కకి ఒక గుణం ఉంది. అప్పుడప్పుడు దాని మొదట్లోంచి తెలుపు బొత్తిగా లేని, నిగనిగలాడే ముదురు పచ్చ చిగురు ఒకటి తన్నుకొస్తుంది. మిగతా కొమ్మ బెత్తెడు సాగేలోపు అది మూరెడు సాగుతుంది. చూడముచ్చటగా ఉంటుంది. దాన్ని ఉండనిస్తే ఏడాది తిరక్కుండా మొక్క మొత్తం మామూలు నందివర్ధనమైపోతుంది, తెల్లంచు కొమ్మలు దాని నీడలో చిక్కి రాలిపోతాయి. అత్తయ్యకి ఇది పుస్తకాలు చదివి తెలియలేదు, దాని కొమ్మ నుంచి చేసిన ఒక మొక్క పోగొట్టుకుని తెలిసింది. అందుకని ఆవిడ నాయనమ్మ పారేసిన పాత అడకత్తెరని సానపట్టించి దాచుకుంది. మధ్యాహ్నం నాయనమ్మ కళ్ళు మూతలు పడగానే పిల్లిలా వెళ్ళి, పచ్చ చిగురు కనిపిస్తే మొదలంటా కోసేసేది. పచ్చని కొమ్మ కొయ్యడమంటే నాయనమ్మకి ఏ రోజైనా గిట్టదు కనుక ఆ గంటే కుదిరేది.

బీయస్సీ మొదటి ఏడాది దసరా సెలవుల్లో నేను ఆవిడకి ఆ సంగతంతా శాస్త్రప్రకారం వివరించాను. అరుగు మీద సుద్దముక్కతో ఆకు బొమ్మ గీసి మరీ చెప్పాను. పచ్చ భాగం వండుతుంది, తెల్ల భాగం వండలేదు, అందుకే పచ్చ కొమ్మకి బలమెక్కువ. ఆవిడ బొమ్మకేసి చాలాసేపు చూసి, అంటే తెల్లది బద్ధకంతో ఊరుకోలేదన్నమాట, దానికి చేతకాదు అంతే, అంది. అవునన్నాను. ఆవిడ ముఖంలో ఎంతో ఊరట కనిపించింది. అంత చిన్న విషయానికి అంత ఊరట ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. పాఠం బాగా చెప్పానని మురిసిపోయాను.

ఆ ఒక్క మొక్క నుంచి కొమ్మలు తీసి, ఇసుకలో వేళ్ళు పట్టించి, నాలుగేళ్ళలో అత్తయ్య ముప్పైకి పైగా మొక్కలు చేసింది. ఎన్నో చచ్చాయి, మళ్ళీ పెట్టింది. అప్పుడే ఊళ్ళో ఒక రైస్ మిల్లు యజమాని కల్యాణ మండపం కట్టిస్తున్నాడు. ఆయన మా ఇంటికి ఏదో పనిమీద వచ్చి ఆ మొక్కలు చూసి, మండపం వరండా పొడుగునా ఇవి పెడితే బాగుంటుంది, శ్రావణంలో ప్రారంభం, ముప్పై కుండీలు ఇవ్వగలరా అని అడిగాడు. ఇస్తానని అత్తయ్యే తలుపు వెనకనుంచి చెప్పింది. పరాయి మగవాడితో ఆవిడ అలా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం. ఆ సాయంత్రం ఆవిడ నాన్న దగ్గరికి వెళ్ళి, మిల్లు పక్కన తొక్కలు పోసే ఖాళీ జాగా తనకిమ్మని, అక్కడ తాటాకు పందిరి వేసుకుని మొక్కలు పెంచి అమ్ముకుంటానని అడిగింది. నాన్న ఆ జాగాలో గోడౌన్ వేద్దామని అప్పటికే అనుకుంటున్నాడు. అయినా నవ్వి, మండపానికి ముప్పై కుండీలూ చెప్పిన రోజుకి, చెప్పినట్టు అందిస్తే జాగా నీదే, లేకపోతే గోడౌనే అన్నాడు. నాన్న మాట తప్పే మనిషి కాదు. అత్తయ్యకి అప్పుడు ముప్పై నాలుగేళ్ళు. మళ్ళీ సంచి సర్దుకోమని ఎవరూ అనలేని చోటు తనకంటూ ఒకటి దొరకబోతోందని ఆవిడ ఆ వారమంతా పని చేస్తూ కూనిరాగం తీసింది.

జ్యేష్ఠం చివర్లో మధిర నుంచి ఉత్తరం వచ్చింది. పెద్దత్తయ్యకి కడుపులో గడ్డ, ఆపరేషన్ చేస్తారు, చిన్నమ్మాయిని పంపించమని. అత్తయ్య ఈ ఒక్కసారికి వేరే ఎవరినైనా చూడమని అడిగింది. నాయనమ్మ కళ్ళెత్తి చూసింది. మర్నాడు అత్తయ్య సంచి సర్దుకుంది. ఆ ఏడు మా పరీక్షలు ఆలస్యమై నేను శ్రావణం దాకా ఇంట్లోనే ఉంటాను కనుక మొక్కల్ని నాకు అప్పగించింది. మండపం కోసం డబ్బాల్లోంచి మట్టి కుండీల్లోకి మార్చిన మొక్కలన్నిటినీ వరసగా చూపించి, ఏది ఎంత తాగుతుందో చెప్పింది. అడకత్తెర గుడ్డలోంచి తీసి నా చేతిలో పెట్టింది. "వానలు పడ్డాక పచ్చ చిగుళ్ళు తెగ వస్తాయే అమ్ములూ. రోజూ చూడు. మా అమ్మ పడుకున్నాక కోసెయ్, ఒక్కటి కూడా ఉంచకు" అంది. బస్సెక్కాక కిటికీలోంచి మళ్ళీ అదే మాట చెప్పింది.

ఇక్కడ నా తెలివి సంగతి చెప్పాలి. కొత్తగా నాలుగు ముక్కలు చదువుకున్న వాళ్ళకి ఉండే రోగం నాకూ పట్టింది. అత్తయ్య వచ్చేసరికి మొక్కలు రెట్టింపు ఎదిగి ఉంటే ఆవిడ ఎంత ఆశ్చర్యపోతుందో అనుకున్నాను. మిల్లువాళ్ళ ఇంట్లో ఎరువుకేం కరువు. నూనె తీశాక మిగిలే వేరుశెనగ చెక్క రోకలితో దంచి, కుండలో నానబెట్టి, నాలుగు రోజులు పులిసి వీధి చివరదాకా కంపు కొట్టాక, ఆ చెక్క నీళ్ళు వారానికి రెండుసార్లు ప్రతి కుండీకీ పోశాను. మా ఇంట్లో గేదె చిక్కినా, పిల్లలు చిక్కినా, గులాబీ పూయకపోయినా మందు ఒకటే, చెక్క. తక్కువ తిని బతికే మొక్కకి అంత బలం పెడితే తెల్ల కొమ్మలకి అరగదనీ, పచ్చ చిగుళ్ళే దాన్ని మింగి లేస్తాయనీ నాకు తట్టలేదు. ఆషాఢంలో మొదటి వానలు పడ్డ పది రోజులకి సగం కుండీల్లో పచ్చ చిగుళ్ళు లేచాయి. నేను అడకత్తెర తీశాను. సరిగ్గా ఆ వారమే వదినకి నెల తప్పిందని తెలిసింది. పెళ్ళైన రెండేళ్ళకి వచ్చిన కబురు. ఇల్లంతా సందడి. నాయనమ్మ నా చేతిలో అడకత్తెర చూసి దగ్గరికి పిలిచి, "కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా పచ్చని చిగురు కొయ్యకూడదు. మళ్ళీ చెప్పించుకోకు" అంది. నేను అడకత్తెర తీసుకెళ్ళి గుడ్డలో చుట్టేశాను.

ఆ తర్వాత నెలరోజులూ రోజూ మధ్యాహ్నం నాయనమ్మ గురక వినిపించేది. నేను వినేదాన్ని. వదిన గదిలో నవ్వుకుంటూ కాటుక దిద్దుకుంటుండేది. పచ్చ చిగుళ్ళు మూరెడు, రెండు మూరలు అయ్యాయి. ఇంటికి వచ్చినవాళ్ళు, చిన్నమ్మాయి చేతిలో చచ్చీ చెడీ ఉన్న మొక్కలు నీ చెయ్యి పడగానే ఎలా కళకళలాడుతున్నాయో చూడు అనేవారు. నాన్న కూడా ఒకరోజు కుండీల ముందు ఆగి తల ఊపి వెళ్ళాడు. నాకు సంతోషం వేసింది. చిగుళ్ళ నీడలో తెల్లంచు కొమ్మలు ఒక్కొక్క ఆకే రాలుస్తున్నాయని చూసి కూడా, అత్తయ్య వచ్చాక చూసుకుంటుందిలే అనుకున్నాను. చిగుళ్ళు రాని మిగతా సగం కుండీల్లో మొక్కలు చెక్క నీళ్ళకి వేళ్ళు కుళ్ళి వాలిపోయాయి. వాటిని వెనక్కి జరిపి, పచ్చగా ఉన్నవాటిని ముందు పెట్టాను.

శ్రావణం రెండో వారంలో అత్తయ్య వచ్చింది. సంచి కూడా దించకుండా నేరుగా కుండీల దగ్గరికి వెళ్ళింది. ఒక్కొక్క కుండీ ముందూ ఆగుతూ ఆ చివరి దాకా నడిచింది. ఒకచోట ఒంగి, మోడుగా మిగిలిన తెల్లంచు కొమ్మని వేలితో తాకింది. మండపం ప్రారంభానికి అయిదు రోజులుంది. అడకత్తెర ఏదని అడిగింది, తెచ్చిచ్చాను. దాన్ని కొంగుతో తుడిచి, తీసుకెళ్ళి నాయనమ్మ వక్కల పెట్టెలో పెట్టేసి వంటింట్లోకి వెళ్ళింది. నన్ను ఒక్క మాట అనలేదు. రైస్ మిల్లు ఆయన పంపిన మనిషి వచ్చి చూసి, మేం అడిగింది తెల్ల అంచువండీ, ఇవి మా పెరట్లోనూ ఉన్నాయి, అని వెళ్ళిపోయాడు. దసరాకి గోడౌన్ పునాది పడింది. కొబ్బరికాయ కొట్టే చోట అత్తయ్యే పళ్ళెం పట్టుకుని నిలబడింది.

ఆ తర్వాత ఆవిడ మళ్ళీ మొక్క పెట్టలేదు. కాన్పులకీ ఆపరేషన్లకీ వెళుతూ వస్తూ ఉండేది. నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, నా పేరు ముందు డాక్టర్ అని రాసుకున్నాను. ఆ రోజుల్లో ఆ వీధిలో నడుస్తుంటే ఏ ఇంట్లో ఏం కూర వండుతున్నారో తెలిసేది, ఇప్పుడు ఏ షట్టర్ వెనక ఏం అమ్ముతున్నారో బోర్డు చదివితే తప్ప తెలియదు. అప్పుడు ఒక్క మొక్క కడియం నుంచి రావడానికి లారీ డ్రైవర్ దయ కావాలి, ఇప్పుడు బస్టాండు దగ్గర నర్సరీలో వరసగా పేర్చి ఉన్నాయి, ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ నర్సరీలో కుర్చీ వేసుకుని కూర్చున్నది ఒక ఆడమనిషి. దాటాక వెనక్కి తిరిగి మళ్ళీ ఒకసారి చూశాను. కాలం మంచిదైందా చెడ్డదైందా అంటే నాకు తెలియదు. కావలసినప్పుడు రాలేదు అని మాత్రం అనుకున్నాను.

అన్నయ్య ఇంట్లో వెనక గదిలో చిన్నత్తయ్య చేట ముందేసుకుని చింతపండులో గింజలు తీస్తోంది. ఎనభై దాటాయి. చూపు తగ్గినా వేళ్ళకి గింజ తెలుస్తుంది. నేను పక్కన కూర్చుని ముందు గోడౌన్ సంగతి, తర్వాత ఇంట్లోవాళ్ళ ఆరోగ్యాల సంగతి మాట్లాడి, ఇక అటూ ఇటూ తిరగడం చేతకాక, ఇన్నేళ్ళుగా చెప్పనిది చెప్పేశాను. అత్తయ్యా, ఆ మొక్కలు పోయింది నావల్లే, నేనే చెక్క నీళ్ళు పోశాను, అన్నాను.

"గేటు దగ్గరే తెలిసిందే. ఆ వాసన నాకు తెలీదా, మిల్లులో పుట్టినదాన్ని. చిన్నదానివి, ప్రేమతోనే పోశావ్" అంది. చెయ్యి ఆగలేదు.

నాకు ధైర్యం వచ్చింది. చిగుళ్ళు కొయ్యాలని నాకు తెలుసనీ, వదిన కడుపుతో ఉందని నాయనమ్మ వద్దందనీ, ఆవిడ మాట ఎలా దాటగలననీ చెప్పుకొచ్చాను. అత్తయ్య మరో రెండు గింజలు తీసి పక్కన పెట్టింది.

"నిన్ను బెజవాడ చదువుకి కూడా వద్దంది గదే మా అమ్మ. ఆగావా?"

నేను చేటలోంచి ఒక చింతపండు రెబ్బ అందుకుని గింజ తియ్యబోయాను.

"మూడు రోజులు అన్నం మానేసి పడుకున్నావు. నీ చదువు దగ్గర ఆవిడ మాట దాటావు. నా మొక్కల దగ్గరికొచ్చేసరికి అది దాటకూడని మాటైపోయింది. నాకు బాధేసింది దానికమ్మా. మొక్కలదేవుంది" అంది. కోపంగా అనలేదు. అలిసిపోయిన మనిషి చేట కింద పెట్టినట్టు ఆ మాట కింద పెట్టింది. తర్వాత, మధ్యాహ్నం బస్సు తప్పితే మళ్ళీ సాయంత్రం దాకా రద్దీయే, తిని బయల్దేరమంది.

ఆ మూడు రోజుల సంగతి ఇంతవరకూ నేను రాయలేదు. గుర్తులేక కాదు. తలుపేసుకుని పడుకున్న నాకు నాయనమ్మ నిద్రపోయే గంటలో మజ్జిగ తెచ్చి తాగించింది చిన్నత్తయ్య. నాన్న దగ్గరికి వెళ్ళి, దాన్ని పంపకపోతే నేనూ తినను అని చెప్పి నా హాస్టల్ ఖాయం చేసింది కూడా ఆవిడే. అది కూడా రాయకుండానే ముగించేదాన్నేమో. సిగ్గుగా ఉంది, ఈ వయసులో సిగ్గుపడి ఎవరికీ ఒరిగేది లేదని తెలిసీ.

ముప్పై ఏళ్ళు క్లాసులో ఈ పాఠం వచ్చినప్పుడల్లా నేను ఆ ముప్పై కుండీలనే ఉదాహరణగా చెప్పేదాన్ని. మా ఊళ్ళో ఒక ఇంట్లో పాపం తెలియక పచ్చ కొమ్మని వదిలేశారు, తెల్లంచు మొక్కలన్నీ పోయాయి, అనేదాన్ని. పిల్లలు ఆ మాట రాసుకునేవారు. ఆ ఇంట్లో ఆ మొక్కల దగ్గర అడకత్తెర పట్టుకున్నది ఇద్దరమే. ఇద్దరికీ తెలుసు.